ఎనిమిది మందికి ఒకే మేనమామ

గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసి ఒక్క గొప్ప కూడా చెప్పుకోకుండా రిటైరైన వాళ్ళు నాకు తెలుసు. వాళ్ళను చూస్తే జాలేస్తుంది. కాబట్టి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీకు ముందే చెబుతున్నాను, ఇది నేనొక దొంగను పట్టుకున్న సంగతి. అయితే ఆ దొంగను లోపలికి రానిచ్చింది కూడా నేనే. ఈ రెండో ముక్క దాచేసి మొదటిది మాత్రమే చెప్పుకునే అవకాశం నాకొచ్చింది. దాన్ని ఎందుకు వదులుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. యూసుఫ్‌గూడలో ఇంటి నుంచి బయలుదేరి ఆఫీసు చేరేసరికి నా చీర రంగు మారిపోయేది. పంజాగుట్టలో ఒక బట్టల షాపు పైన, మూడో అంతస్తులో మా బ్యాంకు కొత్త విభాగం తెరిచింది. బ్రాంచికి రానక్కర్లేదు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఖాతా తెరుచుకోవచ్చు అని పేపర్ల నిండా ప్రకటనలు. అలా వచ్చిన దరఖాస్తులను చూసి ఆమోదించడం మా పని. అక్కడ అందరూ పాతికేళ్ళ పిల్లలు. నాకు యాభై ఎనిమిది. నన్ను అక్కడికి ఎందుకు వేశారంటే, బ్రాంచిలో మేనేజరుతో పోట్లాడాను కనుక.

పని తీరు ఇంతే. తెర మీద ఎడమ పక్క దరఖాస్తు ఉంటుంది, కుడి పక్క కార్డులు, ఫోటో, సంతకం స్కాన్లు ఉంటాయి. అన్నీ సరిపోతే దరఖాస్తుదారుకు ఫోన్ చేసి రెండు మూడు ప్రశ్నలు అడగాలి. ఆ మాటలు రికార్డవుతాయి. జవాబులు సరిగా వస్తే ఆకుపచ్చ బటన్ నొక్కాలి. మొదట్లో ఒక మనిషి వాళ్ళ ఇంటికి వెళ్ళి చూసి వచ్చేవాడు. కస్టమర్లకు చికాకుగా ఉందని పైవాళ్ళు అది ఎత్తేశారు. ఆ పని చేసినాయన మా యూసుఫ్‌గూడ మనిషే, అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. స్కూటర్ మీద ఊరంతా తిరిగినవాడు, ఇప్పుడు తిరిగొచ్చిన కొరియర్ కవర్లు సర్దుకుంటూ ఒక మూల కూర్చునేవాడు.

దరఖాస్తులో నా ప్రాణం తీసిన గడి ఒకటుండేది. "మదర్స్ మెయిడెన్ నేమ్." అంటే అమ్మకు పెళ్ళికి ముందున్న ఇంటిపేరు. తర్వాతెప్పుడైనా ఖాతాదారు ఫోన్ చేస్తే, మాట్లాడుతున్నది అసలు మనిషేనా అని తేల్చుకోవడానికి పెట్టిన రహస్య ప్రశ్న. ఏ దేశంలోనో పుట్టిన ప్రశ్నను తెచ్చి మనవాళ్ళ నెత్తిన పెట్టారు. సగం మంది అమ్మ పేరు రాసేవారు. కొందరు నాన్న ఇంటిపేరు రాసేవారు. ఒకాయన "హౌస్ వైఫ్" అని రాశాడు. ఇంకొకతను "మెయిడ్ లేదు, పనంతా మా అమ్మే చేస్తుంది" అని చక్కటి ఇంగ్లీషులో రాసి పంపాడు. రోజంతా నవ్వుకున్నాం. సాయంత్రం ఫోన్ చేసినప్పుడు మాత్రం, అంత పని చేస్తున్న ఆ తల్లి మీద నాకు గౌరవం కలిగింది.

ఇలాంటి ఫారాలన్నీ నా దగ్గరికి వచ్చేవి. నేనొక కిటుకు కనిపెట్టాను. ఇంగ్లీషు ప్రశ్న పక్కన పెట్టి, "మీ మేనమామ ఇంటిపేరేంది?" అని అడిగేదాన్ని. ఎంతటివాడైనా ఆలోచించకుండా చెప్పేవాడు. పెళ్ళి కార్డుల మీద కనిపించే పేరు, అలకల్లోనూ కొట్లాటల్లోనూ వినిపించే పేరు, ఎవరు మరిచిపోతారు? పిల్లలు నాకు 'మేనమామ మేడం' అని పేరు పెట్టారు.

భాయ్ మాత్రం తల అడ్డంగా ఊపేవాడు. "మాలో గీ లొల్లే లేదు మేడం. నిఖా అయినంక సుత ఆడోళ్ళ పేరు మారది. మా అమ్మీకి పుట్టినప్పుడు ఏం పేరో ఆఖరిదాక గదే పేరు" అన్నాడు. అప్పటి నుంచి ముస్లిం దరఖాస్తుల్లో ఆ గడిలో తల్లి పేరే ఉంచేయడం మాకు అలవాటైంది.

కొన్నాళ్ళకు తిప్పి పంపాల్సిన ఫారాలు తగ్గాయి. మా మేనేజరు గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, నా కొడుకంత వయసు. నా బల్ల దగ్గరికి వచ్చి, "ఏంటి మేడం గారూ, మీ దగ్గర్నుంచి రిజెక్షన్లే లేవు! ఏం మంత్రం వేశారని హెడ్డాఫీసు వాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు. నేను పొంగిపోయాను. నా ఫోన్ల పుణ్యమా అని జనానికి జ్ఞానం వచ్చిందనుకున్నాను. తప్పుల్లేని ఫారం కనబడితే చాలు, మురిసిపోతూ ఆకుపచ్చ బటన్ నొక్కేదాన్ని.

ఒక గురువారం మధ్యాహ్నం, భోజనాలై డబ్బాలు కడుక్కుంటున్న వేళ, ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై మూడేళ్ళుంటాయేమో. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే, "మేడం, గీ బ్యాంకుల నాకు ఖాతానే లేదు. గని పోలీసోళ్ళు ఉన్నదంటున్నరు" అంది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాం. జగిత్యాల దగ్గర ఒక పల్లె ఆమెది. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసింది. ఏడాదికి పైగా తిరిగి తిరిగి చివరికి ఒక కంపెనీలో ఉద్యోగం సంపాదించింది. సోమవారం చేరాలి. ఇంతలో సైబర్ పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. ఉద్యోగాలిప్పిస్తామని నిరుద్యోగుల దగ్గర డబ్బు గుంజిన వాళ్ళు వాడుకున్న ఖాతాల్లో ఒకటి ఆమె పేరు మీద ఉందట. కొత్త కంపెనీవాళ్ళకు ఎలాగో తెలిసింది. ఈ పిల్లకు ఇందులో సంబంధం లేదని పోలీసుల నుంచి కాగితం తెస్తేనే సోమవారం లోపలికి రానిస్తామన్నారు. పోలీసులేమో బ్యాంకు నుంచి ఆధారం తెమ్మన్నారు.

"పైసలు పోగొట్టుకున్నోళ్ళల్ల మా హాస్టల్ పిల్లలు సుత ఉన్నరు మేడం. నాతోని ఎవ్వరు మాట్లాడుతలేరు" అంది. ఏడవలేదు. ఏడుపంతా దారిలోనే అయిపోయినట్టుంది.

మేనేజరు ఆమె ఫారం తీసి చూశాడు. "కార్డు మీదే, ఫోటో మీదే, సంతకం కూడా మీదే కదమ్మా. మా వైపు అన్నీ కరెక్టుగానే ఉన్నాయండీ" అన్నాడు.

"అన్ని నాయే సార్. గని నేను తెరవలే."

"కార్డులు ఎవరికన్న ఇచ్చినవా బిడ్డా?" అని నేనడిగాను.

"అమీర్‌పేటల ఎవలకియ్యలే మేడం? ఇన్‌స్టిట్యూట్ల ఇచ్చిన, హాస్టల్ల ఇచ్చిన, రెజ్యూమెతోని కన్సల్టెన్సీల ఇచ్చిన."

నిజమే. అమీర్‌పేటలో అడుగడుగునా ఎవరో ఒకరికి మన కార్డు జిరాక్సు, ఫోటో, సంతకం ఇవ్వందే పని జరగదు. ఫారం నా తెర మీదికి తెచ్చుకున్నాను. ఎవరు ఆమోదించారో అడుగున ఉంటుంది. నా లాగిన్. ఆ రోజు ఫోన్ రికార్డింగు తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. మొదట నా గొంతే వినిపించింది. అటు నుంచి మగ గొంతు. "చెల్లె క్లాసుకు పోయింది మేడం. నేను వాళ్ళన్నను. ఏమున్నా నన్నడగండి." మళ్ళీ నా గొంతు, "సరే బాబూ, నువ్వే చెప్పు."

దరఖాస్తుదారుతో తప్ప వేరెవరితోనూ మాట్లాడకూడదన్నది రూలు. దాన్ని పిల్లలందరికీ నేర్పింది నేనే. కానీ ఆ రోజు ఫారాలు గుట్టగా ఉన్నాయి. పైగా ఆడపిల్ల ఫోను అన్న ఎత్తడం మన ఇళ్ళలో వింతేం కాదు. పెళ్ళయ్యేదాకా నా పేరున వచ్చిన ఉత్తరం మా అన్న చించి చదివాకే నాకిచ్చేవాడు. అందుకే నాకు అనుమానమన్నదే రాలేదు.

హెడ్‌ఫోన్ తీసి ఆ పిల్లనడిగాను. "మీ అన్న ఏం చేస్తడు బిడ్డా?"

"అన్న లేడు మేడం. మేం ఇద్దరం అక్కాచెల్లెండ్లమే."

ముప్పై ఏళ్ళ పైచిలుకు సర్వీసులో పొరపాట్లు చేశాను, చేయలేదనను. కానీ నా పొరపాటు ఇలా ఎదురుగా కుర్చీలో కూర్చుని నా మొహంలోకి చూడడం అదే మొదటిసారి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఏం చెయ్యాలో తోచక ఫారం మళ్ళీ మొదటి నుంచి చదివాను. మెయిడెన్ నేమ్ గడిలో ఒక ఇంటిపేరు పొందిగ్గా ఉంది. "గిది మీ మేనమామ ఇంటిపేరేనా?" అని చూపించాను.

"కాదు మేడం. గా పేరు నేనెన్నడు విన్లే."

"నువ్వే నింపితే గీ గడిల ఏం రాస్తుంటివి?"

ఆ అమ్మాయి ఇంగ్లీషు ప్రశ్నను పెదవులతో చదువుకుని కాసేపు ఆలోచించింది. "మా అమ్మ పేరు రాస్తుంటి."

అప్పుడు తట్టింది నాకు. ఎవరైనా అదే రాస్తారు! అమ్మ పేరు రాస్తారు, నాన్న ఇంటిపేరు రాస్తారు, మెయిడ్ లేదని రాస్తారు. జనానికి జ్ఞానం రాలేదు. ఫోన్లో నేను ఒక్కొక్కరికి చెప్పినది ఇంకొకరికి ఎలా తెలుస్తుంది? నేను మురిసిపోయిన ఫారాల్లో కొన్నిటిని, ఆ ప్రశ్నకు అర్థం బాగా తెలిసినవాడెవడో కూర్చుని నింపుతున్నాడు. కార్డులన్నీ దొరికాయి కానీ మేనమామ ఇంటిపేరు ఏ కార్డు మీదా ఉండదు కనుక, తోచింది రాస్తున్నాడు.

అమ్మాయిని రేపు రమ్మని పంపించి, భాయ్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నాను. గడచిన నెలన్నరలో ఆ గడి మొదటిసారే సరిగ్గా నింపిన ఫారాలు వెతికాం. ఎన్నో లేవు. వాటిలో బ్యాంకు ఉద్యోగుల పిల్లలను, విదేశాల్లో ఉండి వచ్చినవాళ్ళను తీసేశాం. మిగిలినవి చూస్తుంటే భాయ్ ఒక్కసారి కుర్చీలోంచి లేచాడు.

"మేడం, గిది జూడుండ్రి! పేరు మావోనిది. మెయిడెన్ నేమ్ కరెక్టుగ ఇంటిపేరు రాసిండు. మాలో లేనేలేని ముచ్చట గీనికెట్ల దొరికింది?"

మొత్తం పదకొండు ఫారాలు తేలాయి. ఈ అమ్మాయిది వాటిలో ఒకటి. ప్రస్తుత చిరునామాలన్నీ కృష్ణానగర్‌లోనే. శుక్రవారం పొద్దున్నే భాయ్ ఎవరూ చెప్పకుండానే స్కూటర్ తీశాడు. పదకొండు గంటలకు చెమటలు కక్కుతూ వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో వెలుగు చూశాను.

"షూటింగులకు పోయేటోళ్ళ రూములు మేడం. నెలకో మనిషి మారుతుంటడు, ఎవల్ని ఎవలు గుర్తుపట్టరు. కొరియర్ వచ్చిందంటే ఒక్కడే గల్లీ మొదట్ల నిలబడి అన్ని కవర్లు తీస్కపోతుండట. మస్తు హుషారుగాడు."

సరే, ఇప్పుడు నా వంతు. రికార్డింగు ఆన్ చేసి మొదటి నంబరుకు ఫోన్ చేశాను. మేనేజరు, భాయ్, నలుగురు పిల్లలు చుట్టూ మూగారు. మగ గొంతు, మర్యాదైన గొంతు. పుట్టిన తేదీ అడిగాను, చెప్పాడు. మదర్స్ మెయిడెన్ నేమ్ అడిగాను. కాగితం కదిలిన చప్పుడు, ఆపైన ఫారంలో ఉన్న పేరు ఉన్నట్టుగా.

"థాంక్స్ బాబూ. ఇంకొక్కటి. నామినీ ఫారంల కొత్త గడి వచ్చింది. మీ మేనమామ ఇంటిపేరేంది?"

టక్కున చెప్పాడు. ఫారంలో ఉన్నది కాదు. వేరే ఇంటిపేరు.

అతనికి ఇంగ్లీషు ప్రశ్న ఇంగ్లీషు ప్రశ్నే, మేనమామ మేనమామే. రెండూ ఒకే ప్రశ్న అని ఆ క్షణంలో తోచలేదు. కాగితం చూసి చెప్పాల్సినది కాగితం చూసి చెప్పాడు. ఇంట్లోవాళ్ళ సంగతి అడిగేసరికి సొంత మేనమామే నోట్లోంచి వచ్చాడు.

రెండో నంబరుకు చేశాను. గొంతు కాస్త బొంగురుగా పెట్టాడు. మెయిడెన్ నేమ్ వేరు. మేనమామ ఇంటిపేరు మాత్రం మొదటివాడిదే! మూడోది, నాలుగోది, అదే మేనమామ. ఐదోసారి నాకు నవ్వాగక ఫోను చేత్తో మూసుకున్నాను. మేనేజరు కాగితం మీద గీతలు పెడుతున్నాడు. ఆరు, ఏడు. ఎనిమిదోది భాయ్ పట్టుకున్న ఫారం. సలాం చెప్పి మొదలుపెట్టాను. సలాం చెప్పాడు. తేదీ చెప్పాడు. మెయిడెన్ నేమ్ చెప్పాడు. మేనమామ సంగతి అడిగాను. అలవాటైపోయిన నాలుక కదా, ఆ తెలుగు ఇంటిపేరు సగం దాకా వచ్చేసింది. ఆ సగంలో ఆగిపోయాడు. ఫోన్ కట్ అయింది.

భాయ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అరె మేడం, మావోనికి సుత గదే మామ!"

మిగిలిన మూడు నంబర్లకూ వెంటనే చేశాం. మూడూ స్విచ్చాఫ్. ఆ మూడింటిలో ఒకటి ఆ జగిత్యాల అమ్మాయి పేరున ఉన్న ఖాతాది.

అసలు చిక్కు అక్కడొచ్చింది. ఎనిమిది ఖాతాలు ఒకే మనిషివని చెప్పడానికి రికార్డింగులున్నాయి. ఈ అమ్మాయి ఖాతా కూడా అతనిదేనని చెప్పడానికి ఉన్నది ఒకే ఒక్కటి. నేను "సరే బాబూ, నువ్వే చెప్పు" అన్న ఆ పాత రికార్డింగు. రెండు గొంతులూ పక్కపక్కన పెట్టి వింటే ఎవరికైనా తెలుస్తుంది.

మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచివాడు, ఆ రోజు నా కోసమే భయపడ్డాడు. "మేడం గారూ, ఎనిమిదింటి మీద రిపోర్టు పంపిద్దాం. మీకు ప్రశంసాపత్రం వస్తుంది. మిగతా మూడూ పోలీసులు చూసుకుంటారు. ఆ రికార్డింగు మీరే ఇస్తే, రూలు తప్పానని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. రిటైర్మెంటు రెండేళ్ళుంది. విచారణ మొదలైతే అది ఎప్పుడు తేలుతుందో ఏంటో!"

"పోలీసులు ఎప్పటికి చూసుకుంటరు సార్?"

"నెలో, రెండు నెలలో. ఎలాగూ తేలుతుంది కదండీ."

"గా పిల్లకు సోమవారం."

నాకు భయం వేయలేదని చెప్పను. వేసింది. ప్రశంసాపత్రం మీద ఆశా కలిగింది, అది కూడా చెప్పాలి. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి అక్కడ కూర్చుని ఉంది, మోకాళ్ళ మీద అదే ఫోల్డరు. లోపల పాలిథిన్ కవర్లో ఆఫర్ లెటరు మడత పడకుండా పెట్టుకుంది. ఇంకేం ఆలోచించలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఉత్తరం టైపు చేశాను. ఫలానా దరఖాస్తును ఫలానా తేదీన ఆమోదించింది నేనేనని, దరఖాస్తుదారుతో మాట్లాడకుండా అన్నగా చెప్పుకున్న అపరిచితుడితో మాట్లాడి ఆమోదించానని, ఈ అమ్మాయికి అన్న లేడని, ఆ గొంతు తక్కిన ఎనిమిది కాల్స్‌లోని గొంతేనని రాశాను. మేనేజరు ఉత్తరం రెండుసార్లు చదివి బ్యాంకు ముద్ర వేశాడు. ఆ ముద్ర వేసినందుకు ఆయనకూ సంజాయిషీ అడుగుతారని ఆయనకు తెలుసు.

రికార్డింగుల సీడీ, ఉత్తరం తీసుకుని శనివారం నేనూ ఆ అమ్మాయీ పోలీసుల దగ్గరికి వెళ్ళాం. అక్కడి ఇన్‌స్పెక్టరు రెండు గొంతులూ విన్నాడు. మళ్ళీ వినిపించమన్నాడు. మేనమామ సంగతి వచ్చేసరికి మీసం చాటున నవ్వి, స్టేషన్ రైటరును పిలిచి ఆ పిల్లకు సంబంధం లేదని కాగితం రాయించాడు. రెండు వారాలు తిరక్కుండా ఆ మనిషిని పట్టుకున్నారు. మేనమామ ఇంటిపేరు పట్టుకుని వెతకడం వాళ్ళకు కష్టం కాలేదు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ గది ఒకటి అద్దెకు తీసుకుని, రెజ్యూమెలతో పాటు కార్డులు పోగేశాడట. అంతకుముందు ఓ విదేశీ బ్యాంకు కాల్‌సెంటర్లో నాలుగేళ్ళు పనిచేశాడు. మెయిడెన్ నేమ్ అన్న మాట అక్కడే నోటికొచ్చింది. ఇంగ్లీషు అంత బాగా రాకపోయి ఉంటే మా దగ్గర దొరికేవాడు కాడు!

దొంగ ఇంకా దొరకకముందే, ఆ సోమవారమే హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. ఇలాంటివాటిలో వాళ్ళు మహా చురుకు. నిబంధన ఉల్లంఘించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపాలి అని ఉంది. దాన్ని చదువుకుంటుంటే సాయంత్రం ఐదున్నరకు ఆ అమ్మాయి వచ్చింది. మెడలో నీలం పట్టీకి కంపెనీ కార్డు వేలాడుతోంది. హాస్టలుకు కూడా పోకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది.

"జాయినైన మేడం" అంది. తర్వాత నా చేతిలో కాగితం చూసింది. "మీకేమన్న అయితదా?"

"నాకేమైతది బిడ్డా? గిది మామూలు కాగితం" అన్నాను. కార్డు ఇలా ఇవ్వమని తీసుకుని, ఫోటో చూసి, మనిషిని చూసి, పేరు అక్షరం అక్షరం చదివాను. అంతా ఆమెదే. కార్డు మళ్ళీ నేనే ఆమె మెడలో వేశాను.

ఆమె వెళ్ళాక మెమోకు జవాబు రాశాను. మూడు రోజులెందుకు, మూడు నిమిషాలు పట్టింది. మేనేజరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన పైకే చదివాడు. "సదరు ఖాతాను నిబంధనకు విరుద్ధంగా ఆమోదించినది నేనే. అది దొంగ ఖాతా అని పట్టుకున్నదీ నేనే. ఈ రెండు విషయాలూ నా సర్వీసు రికార్డులో ఒకే పేజీలో నమోదు చేయవలసిందిగా మనవి."

"ఇలాగే పంపమంటారా మేడం గారూ?"

"ఇట్లనే పంపుండ్రి" అన్నాను.